ముక్కును తిరిగి కట్టించుకోవడం అల్లాహ్ సృష్టిని మార్చడమా?

సుననె అబూ దావూద్‌లో ఉంగరాల అధ్యాయం చివరి భాగంలో ఒక చిన్న హదీసు ఉంది. ‘పళ్లను బంగారంతో కట్టించుకోవడం’ అన్నది దాని శీర్షిక. జామె తిర్మిజీలో ఇదే ఉల్లేఖనం వస్త్రధారణ అధ్యాయంలో, దాదాపు అదే శీర్షిక కింద కనిపిస్తుంది. అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీకి అజ్ఞానకాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. కులాబ్ అనేది ఒక నీటి మడుగు పేరు. దాని దగ్గర జరిగిన పోరు కనుక ఆ యుద్ధానికి ఆ పేరే స్థిరపడింది. ఆయన వెండితో ముక్కు చేయించుకుని పెట్టుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారంతో ముక్కు చేయించుకోమని ఆదేశించారు. హదీసు అంతే. ఆ ఉదంతాన్ని మనకు అందించినది ఆయన మనవడు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ హదీసును నేను మదరసాలో బోధిస్తున్నాను. ప్రతి ఏడాదీ ఒకే విధంగా బోధించాను. పురుషులకు బంగారం నిషిద్ధం, అనివార్య పరిస్థితిలో మినహాయింపు ఉంది, కదిలే పళ్లను బంగారు తీగతో కట్టించుకునే విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వెండి చాలునన్నారు, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) బంగారానికి కూడా అనుమతినిచ్చారు, ఇదీ పాఠం. విద్యార్థులు రాసుకునేవారు, నేను పేజీ తిప్పేవాడిని. శీర్షికలో పళ్లున్నాయి కనుక మా చర్చంతా పళ్ల చుట్టూ, బంగారం చుట్టూ తిరిగేది. ముక్కు కోల్పోయిన ఆ మనిషి గురించి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఆ లోపాన్ని నాకు తెలియజేసింది మా ఆపా ముక్కు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

మా ఆపా వయసు అరవై దాటింది. కర్నూలు జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది. ముక్కుకు కుడివైపున, పుటం చెంపతో కలిసే మడతలో, కందిగింజంత నల్లని పొక్కు లేచింది. వయసులో ఉన్నప్పుడు ముక్కుపుడక పెట్టుకున్న వైపే అది. పాత రంధ్రం పుండు పడిందని అందరమూ అనుకున్నాం. పసుపు రాశారు, వేపాకు నూరి పెట్టారు, దమ్ చేసిన నీళ్లు తాగించారు, మందుల దుకాణంలో అడిగి ఏదో లేపనం తెచ్చారు. పైన చెక్కు కట్టేది, కొన్నాళ్లకు ఊడిపోయేది, మళ్లీ కట్టేది. ఉజూ చేసేటప్పుడు చేయి తగిలితే చుక్క రక్తం వచ్చేది. నొప్పి లేదు. నొప్పి లేని పుండును ఎవరు లెక్కచేస్తారు? ఇలా రెండేళ్లు గడిచాయి. చివరికి గమనించింది బట్టలు ఉతికే మనవరాలు. నఖాబ్ లోపలి వైపు ఎప్పుడూ ఒకే చోట గోధుమరంగు మరకలు ఉంటున్నాయని ఆ పిల్ల తండ్రికి చెప్పింది.

చర్మవైద్యుడు చూసిన వెంటనే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తరువాత వచ్చిన నివేదికలో ‘బేసల్ సెల్ కార్సినోమా’ అని ఉంది. అంటే చర్మపు పైపొర అడుగున ఉండే కణాల నుంచి పుట్టే క్యాన్సర్. ప్రపంచంలో అత్యధికంగా కనిపించే చర్మ క్యాన్సర్ ఇదే. తెల్లని చర్మం గల జాతుల్లో మరీ ఎక్కువ. మన చర్మంలోని మెలనిన్ అనే వర్ణకం ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డుకుంటుంది కనుక మనలో తక్కువ. తక్కువ కావడమే ఒక ప్రమాదం కూడా, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. పైగా తెల్లవారిలో ముత్యంలా మెరిసే బుడిపెగా కనిపించేది మనలో తరచుగా నల్లగా ఉంటుంది. చూసినవారు పుట్టుమచ్చ అనుకుంటారు.

ఈ వ్యాధికి ఒక మంచి గుణం, ఒక చెడ్డ గుణం ఉన్నాయి. శరీరంలోని ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. కానీ ఉన్నచోటనే, ఎలుక కొరికినట్టు, చర్మాన్నీ, మృదులాస్థినీ, చివరకు ఎముకనూ తొలుచుకుంటూ పోతుంది. పూర్వకాలపు వైద్యులు దీనికి ఎలుక పేరుతోనే ‘రోడెంట్ అల్సర్’ అని పేరు పెట్టారు. పూర్తిగా కోసి తీసివేస్తే చాలావరకు నయమవుతుంది. అంచున కొంచెం మిగిలినా మళ్లీ లేస్తుంది. అందుకే వైద్యులు కంటికి కనిపించే పుండుతో పాటు చుట్టూ ఉన్న కొన్ని మిల్లీమీటర్ల ఆరోగ్యవంతమైన చర్మాన్ని కూడా తీసి, అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో సూక్ష్మదర్శినిలో చూస్తారు. 1930వ దశకంలో అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ అనే వైద్యుడు పొర తరువాత పొర తీస్తూ, ప్రతి పొర అంచునూ పరీక్షిస్తూ, వ్యాధి కనిపించిన చోట మాత్రమే మళ్లీ కోసే పద్ధతిని రూపొందించాడు. ముక్కు వంటి సున్నితమైన చోట్లకు అది ఉత్తమమైనది. అయితే మన దేశంలో ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రులు కొద్ది మాత్రమే.

హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. కుడి ముక్కుపుటం మొత్తం, దాని పైన ఉండే పక్కగోడలో కొంత భాగం పోయాయి. అంచులు శుభ్రంగా ఉన్నాయని నివేదిక వచ్చింది. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాం. రెండు వారాల తరువాత రమ్మని, నుదుటి చర్మాన్ని తెచ్చి ముక్కును తిరిగి కడతామని, అది రెండు విడతల పని అని సర్జన్ చెప్పారు.

నా తప్పు ఇక్కడ మొదలవుతుంది. మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామూ, మా అత్తగారి తరఫువాళ్లు ఇది ప్లాస్టిక్ సర్జరీ అంటున్నారు. అల్లాహ్ సృష్టిని మార్చడం హరామ్ కదా అంటున్నారు. అమ్మ ఎలాగూ నఖాబ్ వేసుకుంటుంది, ఎవరు చూస్తారు అని కూడా అంటున్నారు. మీరేమంటారు?” నేను అప్పుడు తరగతికి వెళుతున్నాను. చేతిలో కితాబు ఉంది. నడుస్తూనే జవాబిచ్చాను: జబ్బును తీయించడం తప్పనిసరి, అది అయిపోయింది, ఇక మిగిలినది అలంకరణ, ఈ వయసులో దాని అవసరం ఏముంది, సబ్ర్ చేయమను అన్నాను. ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి పాఠం మొదలుపెట్టాను. అడిగినవాడు ఆలిమ్‌ను అడిగాననుకున్నాడు. నేను మాత్రం ఒక్క గ్రంథమైనా తెరవలేదు.

ఏడు నెలలు గడిచాయి. మధ్యలో రెండుసార్లు ఆపాను చూడటానికి వెళ్లాను. సొంత తమ్ముడి ముందు కూడా ఆమె దుపట్టా కొంగును ముక్కు మీదుగా పట్టుకునే కూర్చుంది. ఆడవాళ్లు మాత్రమే ఉండే పెళ్లి గదిలోకి కూడా వెళ్లడం మానేసిందని కోడలు చెప్పింది. ముక్కు లోపలి తడిపొర గాలికి ఆరిపోయి చెక్కులు కట్టేది, రక్తం కారేది, దుమ్ము నేరుగా లోపలికి పోయేది. ‘ఎవరు చూస్తారు’ అన్న మాటకు జవాబు ఆ ఇంట్లోనే ఉంది. ఇంట్లో నఖాబ్ ఉండదు కదా. మునిమనవడు ఆమె ముఖం చూసి ఏడ్చి తల్లి చంక ఎక్కాడట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడాది అర్ఫజా (రజి) హదీసు వచ్చిన రోజు అలవాటు ప్రకారం బంగారం గురించి చెప్పి పేజీ తిప్పబోయాను. వెనుక వరుసలోని ఒక విద్యార్థి చేయెత్తాడు. “హజ్రత్, బంగారు ముక్కుతో వాసన తెలియదు కదా. ఊపిరి కూడా ఆ రంధ్రం గుండానే, ముక్కు లేకపోయినా ఆడుతుంది. మరి ఆయనకు ఆ ముక్కు దేనికి?” అని అడిగాడు. చూడటానికి, అన్నాను. “అంటే ముఖం చూడటానికి బాగుండాలన్నది కూడా అవసరమేనా, హజ్రత్? దానికోసమే పురుషుడికి బంగారం కూడా హలాల్ అయిందా?” అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి గ్రంథాలు తీశాను. తీయవలసిన సమయానికి ఏడు నెలలు ఆలస్యంగా తీశాను. సృష్టిని మార్చడాన్ని షైతాన్ ప్రేరణగా పేర్కొన్న వాక్యం సూరె నిసాలో ఉంది, 119వది. పచ్చబొట్లు పొడిచేవారినీ, అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునే స్త్రీలనూ శపించిన హదీసును ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. మా వాళ్లు నాకు వినిపించిన వాదనకు మూలం ఇదే. అయితే ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఆ హదీసులోని ‘అందం కోసం’ అన్న మాటను పట్టుకుని వివరించారు. నిషిద్ధమైనది అందాన్ని వెతుక్కుంటూ చేసేది, చికిత్స కోసమో పంటిలో లోపం ఉన్నందుకో చేస్తే తప్పు లేదు అన్నది ఆయన వివరణ సారాంశం. ఉన్న ముక్కును మరింత సన్నగా చెక్కించుకోవడం వేరు, పోయిన ముక్కును తిరిగి తెచ్చుకోవడం వేరు. మొదటిది సృష్టిని మార్చడం, రెండోది సృష్టి ఉన్న రూపానికి మళ్లించడం.

హనఫీ ఫిఖ్హ్‌లో మరో చోట ఇంకా బలమైన ఆధారం ఉంది. దాన్ని కూడా నేను ఏటా బోధిస్తున్నాను! ఒక మనిషి ముక్కును పూర్తిగా కోసివేసినవాడు ఎంత పరిహారం చెల్లించాలి? ప్రాణం తీసినవాడు చెల్లించేంత, అంటే పూర్తి దియత్, 100 ఒంటెలు. ఎందుకంత? హిదాయాలో మర్గీనానీ (రహ్మ) చెప్పిన సూత్రం ప్రకారం, ఒక అవయవపు ప్రయోజనం పూర్తిగా పోయినా, మనిషిలో ఉద్దేశించబడిన సౌందర్యం పూర్తిగా పోయినా సంపూర్ణ దియత్ తప్పదు. ముఖ సౌష్ఠవానికి ప్రాణంతో సమానమైన వెల కట్టిన ధర్మశాస్త్రాన్ని బోధించే నేను మా ఆపాతో అదంతా అలంకరణ అన్నాను.

సమకాలీన ఉలమాల అభిప్రాయం కూడా అస్పష్టంగా ఏమీ లేదు. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లోనే, మనిషి తన శరీరంలోని ఒక భాగాన్ని తన శరీరంలోనే మరో చోటికి మార్పించుకోవడం, నష్టం కంటే మేలు ఎక్కువైతే, ధర్మసమ్మతమని తీర్మానించింది. పోయిన అవయవాన్ని తిరిగి కల్పించుకోవడం, మానసికంగానో శారీరకంగానో బాధపెట్టే లోపాన్ని తొలగించుకోవడం అందులో స్పష్టంగా ఉన్నాయి. 2007లో మలేషియాలోని పుత్రజయలో జరిగిన 18వ సమావేశం ప్లాస్టిక్ సర్జరీ మీద ప్రత్యేకంగా చర్చించి, వ్యాధి, ప్రమాదం, కాలిన గాయాల వల్ల ఏర్పడిన వికృతిని సరిచేయడాన్ని అనుమతించింది.

సుననె అబూ దావూద్‌లోనే జాబిర్ (రజి) ఉల్లేఖించిన మరో ఉదంతం ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ప్రయాణంలో ఒకతనికి తల పగిలింది. తరువాత స్నానం తప్పనిసరి అయింది. నాకు తయమ్ముమ్ చేసే సడలింపు ఉందా అని అతడు తోటివారిని అడిగాడు. నీళ్లు ఉన్నాయి కదా, లేదు అన్నారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. అతణ్ణి చంపినవారు ఆ జవాబిచ్చినవారేనన్నారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసింది కదా అన్నారు. (ఇందులో కట్టు మీద మసహ్ చేయడం గురించి ఉన్న వాక్యపు ప్రామాణికతపై ముహద్దిసులు చర్చించారు. తక్కిన భాగానికి వేరే మార్గాల బలం ఉంది.)

మరుసటి శుక్రవారం నమాజు తరువాత బస్సెక్కి ఆపా దగ్గరకు వెళ్లాను. ఆ రోజు నేను చెప్పింది తప్పు, ఆలోచించకుండా చెప్పాను, క్షమించు అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “తమ్ముడూ, నువ్వు వద్దన్నావు కాబట్టి అల్లాహ్‌యే వద్దన్నాడనుకుని ఊరుకున్నాను” అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

ఇక ముక్కును తిరిగి కట్టే పని గురించి చెప్పాలి. ఇది కొత్త విద్య కాదు, పరాయి విద్య అంతకన్నా కాదు. చర్మపు పలకను ఒక వైపు శరీరానికి అంటి ఉంచి, రక్తప్రసరణ ఆగకుండా మరో చోటికి తిప్పే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. ఆకును కొలతగా పెట్టి చెంప చర్మాన్ని తీయమని అందులో సూచించారు. ఆ గ్రంథాన్ని అబ్బాసీయుల కాలంలో, వజీరు యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ ఆదేశంపై, మన్కా అనే భారతీయ వైద్యుడు బగ్దాదులో అనువదించాడని ఇబ్నె నదీమ్ తన అల్ ఫిహ్రిస్త్‌లో నమోదు చేశాడు. అందులూసియాకు చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ తెగిన ముక్కునూ, పెదవినీ, చెవినీ కుట్టడం గురించి అత్తస్రీఫ్‌లో రాశాడు. ఇటలీలో తాలియాకోజీ చేతి చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని 1597లో గ్రంథస్థం చేశాడు. అయితే నేటి సర్జన్లు వాడే నుదుటి చర్మపు పద్ధతి ప్రపంచానికి తెలిసింది మన దక్కను నుంచే.

1792 నాటి యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లబండి తోలే కవాస్జీ అనే మరాఠా రైతు టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కాడు. అతని ముక్కు, ఒక చెయ్యి కోసివేశారు. (టిప్పును మనం ఎంత గౌరవించినా ఈ సంగతిని దాచనవసరం లేదు. శిక్షగా ముఖం చెక్కడం ఆనాటి దురాచారం.) దాదాపు ఏడాది తరువాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి ముక్కు కట్టాడు. ఇద్దరు ఆంగ్ల వైద్యులు దగ్గరుండి చూశారు. ఆ వృత్తాంతం 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయింది. పలుచని మైనపు రేకును తెగిన ముక్కు మీద ముక్కు ఆకారంలో ఒత్తి, దాన్ని విప్పి నుదుటిపై పరచి, చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మాన్ని లేపి, కనుబొమల మధ్య సన్నని పట్టీ మాత్రం తెంచకుండా ఉంచి, మెలితిప్పి కిందికి దించాడు. కుట్లు లేవు. మన కిళ్లీల్లో వేసే కాచును నీటితో మెత్తగా చేసి, గుడ్డపీలికలకు పట్టించి, ఒకదానిపై ఒకటి అంటించాడు. నాలుగు రోజుల తరువాత నేతిలో తడిపిన గుడ్డలు వేశాడు. పదో రోజున నాసారంధ్రాలు మూసుకుపోకుండా మెత్తని గుడ్డ దూర్చాడు. సుమారు 25వ రోజున కనుబొమల మధ్య పట్టీని కోశాడు. ఆ కథనం చదివిన జోసెఫ్ కార్పూ అనే లండన్ సర్జన్ 1814లో మొదటిసారి తానూ ఆ విధంగా ముక్కు కట్టి, 1816లో పుస్తకం రాశాడు. ఇటుకల పనివాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆపా సర్జన్ గోడమీది బొమ్మ చూపిస్తూ చెప్పినదానికీ ఆ ఇటుకల పనివాడు చేసినదానికీ పునాది ఒకటే. కనుబొమ లోపలి కొస దగ్గర నుంచి ఒక చిన్న ధమని నుదుటి మీదికి ఎక్కుతుంది. దాన్ని లోపల ఉంచుకునే చర్మపు పలకను లేపుతారు. మారినవి మత్తుమందు, సన్నని దారాలు, ముక్కు నిర్మాణం గురించిన జ్ఞానం. ముక్కు అంటే పైచర్మం మాత్రమే కాదు. పైన చర్మం, మధ్యలో ఎముక, మృదులాస్థి, లోపల తడిపొర, ఈ మూడూ కావాలి. లోపలి పొర లేకపోతే పైచర్మం ముడుచుకుపోతుంది, మధ్యలో ఊతం లేకపోతే ఊపిరి పీల్చినప్పుడు పుటం లోపలికి అంటుకుపోతుంది. పైకి చూస్తే ముక్కు కొన, వెన్ను, మధ్య స్తంభం, రెండు పక్కగోడలు, రెండు పుటాలు, పుటాల అంచున రెండు చిన్న త్రికోణాలు, మొత్తం తొమ్మిది భాగాలు. అమెరికన్ సర్జన్లు బర్గెట్, మెనిక్ 1985లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. ఒక భాగంలో సగానికి పైగా పోతే మిగిలిన ముక్కను కూడా తీసి ఆ భాగాన్ని పూర్తిగా కొత్తగా కట్టాలి. అప్పుడు కుట్టుగీత సహజమైన నీడలో, మడతలో దాగిపోతుంది.

అందరికీ ఇంత పెద్ద పని అవసరం ఉండదు. గాయం చిన్నదైతే పక్క చర్మాన్నే జరిపి కుడతారు. కొన్నిచోట్ల చెవి ముందరి నుంచి తీసిన చర్మాన్ని అతికిస్తే సరిపోతుంది. పుటం వరకే అయితే చెంప మడత నుంచి చర్మం తేవచ్చు. దీర్ఘ శస్త్రచికిత్సను తట్టుకోలేనివారికి, వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉండి ఆ చోటును కనిపెట్టి ఉండవలసినవారికి సిలికాన్ ముక్కు ఉంది. దాన్ని జిగురుతో గానీ, ఎముకలో బిగించిన టైటానియం మరల ఆధారంతో గానీ నిలుపుతారు. అది అర్ఫజా (రజి) మార్గమే. వెండి తేమకూ గంధకానికీ నల్లబడుతుంది, బంగారం చెడదు, సిలికాన్ ఇంకా తేలిక.

ఆపా విషయంలో ఏడు నెలల ఆలస్యానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. గాయపు అంచులు ముడుచుకుని మిగిలిన ముక్కును కుడివైపుకు లాగేశాయి. ముందు ఆ మచ్చను విప్పి, అన్నిటినీ వాటి స్థానాలకు చేర్చవలసి వచ్చింది. “అప్పుడే వచ్చి ఉంటే ఇంకా తేలికయ్యేది” అని సర్జన్ అన్నప్పుడు మేనల్లుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటేనే బాగుండేది. మానిన అంచు చర్మాన్ని లోపలికి మడిచి లోపలి పొర చేశారు. చెవి గిన్నె నుంచి ఒక మృదులాస్థి ముక్క తీసి ఊతంగా పెట్టారు (చెవి ఆకారం ఏమాత్రం మారలేదు). నుదుటి చర్మాన్ని దాని మీదికి దించారు.

ఆ తరువాతి మూడు వారాలు కష్టమైనవి. కనుబొమ దగ్గర నుంచి ముక్కు వరకు వేలాడే కండ వంతెనను మొదటిసారి చూసినవారెవరైనా జంకుతారు. కుటుంబానికి ముందుగానే చెప్పి సిద్ధం చేయాలి. ఈ కాలంలో కొత్త చర్మం ముక్కు వైపు నుంచి తన సొంత రక్తనాళాలను అల్లుకుంటుంది. ఆ తరువాతే వంతెనను కోస్తారు. బీడీ, సిగరెట్, జర్దా అలవాటున్నవారు ముందుగానే మానకపోతే రక్తనాళాలు సంకోచించి పలక చచ్చిపోయే ప్రమాదం ఉంది. నుదుటి గాయాన్ని చాలావరకు కుట్టివేస్తారు, మూయలేని పైభాగం కొన్ని వారాల్లో దానంతట అదే మానుతుంది.

ఈ రోజుల్లో నమాజు ఎలా అని చాలామంది అడుగుతారు. ఏడు అంగాలపై సజ్దా చేయాలని ఆజ్ఞాపించబడిందని చెబుతూ దైవప్రవక్త (స) నుదుటిని పేర్కొని ముక్కు వైపు సైగ చేశారు. ఆపాకు ఆ రెండూ గాయాలే. తల వంచవద్దని వైద్యుడి ఆంక్ష కూడా ఉంది. ఇటువంటివారు కూర్చుని తలను కొంచెం వంచి సైగతో రుకూ, సజ్దాలు చేయాలి, సజ్దా సైగ రుకూ కంటే కాస్త కిందికి ఉండాలి. అసలు వంచరాదంటే ఎంత వీలైతే అంతే. ఉజూలో కట్టులేని చోటును కడగాలి, కట్టు మీద తడి చేతితో మసహ్ చేయాలి. ముక్కులో నీళ్లు ఎక్కించడం మానాలి. తడి తగలడమే హానికరమని వైద్యుడు చెబితే తయమ్ముమ్ ఉంది. పరాయి పురుష వైద్యుడి ముందు ముఖం చూపడానికి సంకోచించే సోదరీమణులు గుర్తుంచుకోవాలి, చికిత్సకు అవసరమైనంత మేరకు అనుమతి ఉంది. మా ఆపా రెండేళ్ల ఆలస్యంలో ఆ సంకోచం పాలు కూడా ఉంది.

ఇంట్లో ఎవరికైనా ముఖం మీద నెలరోజులు దాటినా మానని పుండు ఉంటే, చెక్కు కట్టి ఊడి మళ్లీ కడుతుంటే, ముఖం కడుక్కున్నప్పుడల్లా రక్తం వస్తుంటే, పుట్టుమచ్చ ఆకారమో రంగో మారుతుంటే, పాత కాలిన మచ్చ మీద కొత్తగా పుండు లేస్తే చర్మవైద్యుడికి చూపించండి. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం నిరాధారమైనది. అన్ని చర్మ క్యాన్సర్లూ మా ఆపాకు వచ్చినదానిలా నిదానమైనవి కావు. స్క్వామస్ సెల్ రకం మెడలోని గ్రంథులకు పాకగలదు, మెలనోమా ఇంకా ప్రమాదకరం. పుండు మీద లేపనాలు మార్చి మార్చి రాయడంలో కాలం పోతుంది. మరొక్క మాట. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు మన ఇళ్లలోనూ, మేనరికాలుగా పొరుగు హిందూ సోదరుల ఇళ్లలోనూ ఉన్నాయి. అటువంటి కుటుంబాల్లో అరుదుగా జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వంశపారంపర్య వ్యాధి కనిపిస్తుంది. పసివయసులోనే ఎండ తగిలిన చోటల్లా మచ్చలు లేస్తాయి, చిన్నతనంలోనే ముక్కు మీద, పెదవి మీద క్యాన్సర్లు రావచ్చు. అలాంటి పిల్లలను ఎండ నుంచి కాపాడుతూ వైద్యుల పర్యవేక్షణలో ఉంచాలి.

ఆపా ముక్కు ఇప్పుడు పూర్తిగా పాత ముక్కులా లేదు. కుడి పుటం ఎడమదానికంటే కాస్త మందంగా ఉంటుంది, నుదుటి మీద నిలువు గీత ఒకటి మిగిలింది. మునిమనవడు మాత్రం ఒళ్లో కూర్చుని ఆ ముక్కునే పట్టుకుని లాగుతాడు.

ఆ మూడు వారాల్లో ముక్కు మీద ఈగ వాలితే ఆమెకు నుదుటి మీద దురద పుట్టేదట. చర్మంతో పాటు నరాలు కూడా వచ్చాయి కనుక మెదడు దాన్ని ఇంకా నుదురుగానే లెక్కించేది. అది సహజమేనని సర్జన్ చెప్పారు. గాయాలు మాని, మొదటిసారి నేల మీద సజ్దా చేసిన రోజున ఆపా ఫోన్ చేసింది. “తమ్ముడూ, సజ్దాలో నుదురు ఆనాలి, ముక్కు ఆనాలి అంటారు కదా. నా ముక్కు కూడా నుదురే. మరి నేను నుదురుతో రెండుసార్లు సజ్దా చేసినట్టా?” అని అడిగింది. కితాబులు చూసి చెబుతాను ఆపా అన్నాను. ఇంకా చూస్తున్నాను.